ట్రాక్టరుకు పందిరి వుంది, ప్రాణానికి పంజరం ఏదీ?

“ట్రాక్టరు బోల్తా – డ్రైవరు దుర్మరణం” అన్న శీర్షిక జిల్లా పేజీ చదివేవారికి కొత్త కాదు. వూరి పేరు మారుతుంది, మండలం మారుతుంది, చనిపోయిన మనిషి వయసు మారుతుంది. మిగిలినదంతా ఒకే మాదిరి. అదుపు తప్పింది, గనిమ మీదనుంచి కయ్యలోకి పడింది, కింద చిక్కుకున్నాడు, పోలీసులు కేసు నమోదు చేసుకొని దర్యాప్తు చేస్తున్నారు. “అదుపు తప్పింది” అన్న ఒక్క మాటతో నేరమంతా చచ్చినవాని నెత్తిన వేసి మిగతావారందరూ చేతులు దులుపుకుంటున్నారు.

బండి బోల్తా పడడం వేరు, దానికింద మనిషి నలిగి చావడం వేరు. మొదటిది ఎంత జాగ్రత్తపరునికైనా జరగవచ్చు. రెండవదాన్ని ఆపే సాధనం మాత్రం చాలాకాలంగా ప్రపంచంలో వుంది. స్వీడన్ దేశంలో 1959 లోనే కొత్త ట్రాక్టర్లకు దాన్ని తప్పనిసరి చేశారు, తర్వాత పాతవాటికి కూడా వర్తింపజేశారు. ఆ దేశంలో ట్రాక్టరు కింద నలిగి చచ్చేవారు దాదాపు లేకుండా పోయారు. ఆ సాధనం ఏ మాయా యంత్రమూ కాదు. సీటు వెనక నిలబెట్టిన బలమైన ఇనుప చట్రం, దానితోబాటు ఒక నడుము బెల్టు. కార్లకు, జీపులకు వేస్తే రోల్ కేజి అంటారు, ట్రాక్టరుకు వేస్తే రోల్ బారు అంటారు. తెలుగులో పంజరం అనుకుందాం. అడుసు దున్నడానికి చక్రాలకు బిగించే కేజి వీల్సు మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చక్రానికి పంజరం తొడిగాము గాని, తోలే మనిషికి తొడగాలన్న ఆలోచన రాలేదు.

మన నేల సంగతి మనకు తెలియనిది కాదు. పలమనేరు, కుప్పం పక్క ఎగుడుదిగుడు చేలు, మదనపల్లె పక్క గుట్టల వాలు మీద టమోటా తోటలు, గట్టు వొరిగిన చెరువులు, వంకలు దాటే బండి బాటలు. వీటికి తోడు చుట్టుగోడ లేని మట్టి బావులు. కపిలలు తోలిన కాలంలో తవ్విన బావులు నీళ్ళు లేక పాడుపడి, చుట్టూ కంప మొలిచి, చేను అంచున ఎక్కడున్నాయో కనిపించకుండా వున్నాయి. ఎద్దులకు బావి సంగతి తెలుసు, నిలబడిపోతాయి. ట్రాక్టరుకు తెలియదు.

బండి ఎలా తిరగబడుతుందో తోలేవారిలో కూడా చాలామంది సరిగా తెలుసుకోలేదు. పక్కకు పడడం అందరికీ అర్థమవుతుంది. వెనక్కు పడడమే మోసకరమైనది. వెనక చక్రం అడుసులో కూరుకుపోయినప్పుడు పల్లెల్లో చేసే పని ఒకటుంది. రెండు చక్రాలకూ అడ్డంగా దుంగ కట్టి, గేరు వేసి క్లచ్చి వదులుతారు. దుంగ అడ్డుపడి చక్రం తిరగలేకపోతే ఇంజను బలం ఎక్కడికి పోవాలి? చక్రం తిరగకపోతే యాక్సిలు చుట్టూ బండే తిరుగుతుంది. ముందు చక్రాలు పైకి లేస్తాయి. ఇక ఆపలేని దశకు చేరడానికి ముప్పాతిక సెకను చాలు. సెకనున్నర గడిచేసరికి బండి తలకిందులై వుంటుంది. దూకేస్తాంలే అనుకునేవారు ఈ లెక్క గమనించాలి. “అరె” అన్న మాట నోటినుంచి వచ్చేలోపల పని అయిపోతుంది.

మొద్దులు పెరికేటప్పుడు గొలుసును కింద డ్రాబారుకు కాక పైన టాప్ లింకు దగ్గర తగిలించినా ఇదే జరుగుతుంది. కింద కడితే బండి ముందుకు లాగుతుంది, పైన కడితే వెనక్కు వాలుతుంది. ఇంకొకటి బ్రేకులు. చేనులో మలుపు తిప్పడానికి వీలుగా కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి రెండు పెడళ్ళు వుంటాయి. రోడ్డెక్కేముందు ఆ రెంటినీ కలిపే కొక్కెం వేయాలి. వేయకుండా తారురోడ్డు మీద వేగంగా పోతూ ఒక పెడలు మాత్రమే తొక్కితే బండి గిరుక్కున తిరిగి పక్కకు పడుతుంది. కొక్కెం తుప్పు పట్టి, కదలకుండా బిగుసుకుపోయిన బండ్లు సంత రోజున ఏ వూళ్ళోనైనా కనిపిస్తాయి.

మన ట్రాక్టర్లమీద ఏమీ లేదనడానికి లేదు. పందిరి వుంది. సన్నపాటి గొట్టాలు నాలుగు, పైన రేకో టార్పాలినో, ముందు ఇలవేలుపు పేరు, చుట్టూ రంగుల జల్లులు, పాటల పెట్టె. ఎండకూ వానకూ అది మంచిదే, ఎవరూ కాదనరు. కాని ఆ పందిరిని మడ్‌గార్డుల రేకుకు బోల్టులు వేసి నిలబెడతారు. రెండు టన్నులకు అటూ ఇటూ తూగే బండి తిరగబడితే ఆ గొట్టాలు చెరకు ఆకుల్లా వంగిపోతాయి. పైపెచ్చు నలిగిన రేకులో చిక్కుకున్న మనిషిని బయటికి తీయడానికి గడ్డపారలు తేవలసి వస్తుంది. పందిరి వుంది గదా అని ధైర్యపడే డ్రైవరు, ఏమీ లేనివానికంటే ఎక్కువ ప్రమాదంలో వున్నాడని నా అభిప్రాయం.

అసలు పంజరానికి పెట్టే పరీక్ష ఏమిటో తెలిస్తే పందిరికీ దానికీ తేడా బోధపడుతుంది. అంతర్జాతీయంగా ట్రాక్టర్ల పరీక్షకు 1959 నుంచి ఒక నియమావళి అమలులో వుంది. దాని ప్రకారం ఒక పద్ధతిలో రెండు టన్నుల ఇనుప దిమ్మను గొలుసులకు వేలాడదీసి, వూపి, వెనకనుంచీ పక్కనుంచీ చట్రాన్ని కొడతారు. తర్వాత ట్రాక్టరు బరువుకు సుమారు రెండింతల బరువు పైనుంచి మోపుతారు. ఇంత చేసినా మనిషి కూర్చునే చోటులోకి ఇనుము చొరబడకూడదు. చట్రం వంగవచ్చు, అసలు అది కొంత వంగాలి కూడా. వంగుతూ దెబ్బ బలాన్ని తనలోకి తీసుకుంటుంది. ఏమాత్రం వంగనంత గట్టిదైతే దెబ్బంతా యాక్సిలు మీదికీ బోల్టులమీదికీ పోయి అక్కడ విరుగుతుంది. ఒకసారి బోల్తా పడి వంగిన చట్రాన్ని సమ్మెటతో సరిచేసి మళ్ళీ బిగించడం పనికిరాదు. దాని ఆయువు ఆ ఒక్కసారికే.

ఈమధ్య తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో కుర్రకారు పాత జీపులు కొని, పెద్ద టైర్లు వేసి, గుట్టలెక్కించడం మొదలుపెట్టారు. వాటికి మెరిసే గొట్టాలతో పంజరాలు కూడా వేయిస్తున్నారు. చూడ్డానికి దర్జాగానే వుంటాయి. అయితే మోటారు పందేల అంతర్జాతీయ సంఘం నియమాలు చూస్తే ముఖ్యమైన గొట్టం అతుకు లేనిదై వుండాలి. 45 మిల్లీమీటర్ల లావు, రెండున్నర మిల్లీమీటర్ల మందం, లేదా 50 మిల్లీమీటర్ల లావు, రెండు మిల్లీమీటర్ల మందం వుండాలి. కాళ్ళకింద కనీసం మూడు మిల్లీమీటర్ల మందపు పలక, ఒక్కొక్క కాలికి కనీసం మూడు బోల్టులు వుండాలి. మెట్లకు చేతిపట్టుగా వేసే పలుచని స్టీలు గొట్టంతో చేసినదాన్ని పంజరం అనడం పేరుకే. తలకు గుడ్డ చుట్టుకొని హెల్మెట్ అన్నట్టు వుంటుంది.

ఇక వెల్డింగు షాపుల సంగతి. మన పల్లెల్లో రైతుకు సగం ఆధారం వెల్డింగు షాపే. విరిగిన మడక, పగిలిన ట్రాలీ, గొర్రు పళ్ళు, గేట్లు అన్నీ అక్కడే బాగుపడతాయి. చదువు లేకపోయినా చేతిలో విద్య వున్న పనివారు జిల్లా అంతటా వున్నారు. వారిని తక్కువ చేయడం నా వుద్దేశం కాదు. కాని గేటుకు వేసే అతుకు వేరు, ప్రాణం మీద పెట్టే అతుకు వేరు. అది తెలియనప్పుడు చేతి విద్యే చేటు తెస్తుంది.

షాపులో ముందుగా దొరికేది నీళ్ళ పైపు, అంటే జస్తా పూత వున్న జి.ఐ. గొట్టం. ఆ పూత మీదనే వెల్డింగు పెడితే అతుకులో బుడగలు పడతాయి. పైగా ఆ తెల్లని పొగ పీల్చిన పనివానికి రాత్రికి చలిజ్వరం వస్తుంది. రెండవది, గొట్టాన్ని వంచే పద్ధతి. కాల్చి, రాయికి ఆనించి వంచితే లోపలి వంపున ముడతలు పడతాయి. ముడత పడినచోటనే మొదట విరుగుతుంది. మూడవది జోడింపు. ఒక గొట్టాన్ని ఇంకొక గొట్టానికి కలిపేటప్పుడు కొసను చేప నోరు మాదిరి వంపుగా కోసి, రెండవదానికి అతుక్కుపోయేట్టు కూర్చాలి. అలా చేయకుండా అడ్డంగా కోసి, మిగిలిన సందును కడ్డీ ముక్కలతో, వెల్డింగు రాడ్ల కరుగుతో పూడ్చేవారు కొందరున్నారు. పైన గ్రైండరు పట్టి, నున్నగా చేసి, రంగు కొడితే లోపలి గుల్ల ఎవరికి కనిపిస్తుంది? నిజానికి మంచి అతుకును గ్రైండరుతో నున్నగా అరగదీయడమే తప్పు. బలమంతా ఆ గట్టులోనే వుంటుంది.

పద్ధతి తెలిసిన పనివాడు ముందు తుప్పు, రంగు, జిడ్డు గీకేస్తాడు. అన్ని జోడింపులకూ చిన్న చిన్న చుక్కలు పెట్టి, చట్రం మొత్తం నిలబెట్టి, మూలలు కొలిచి చూస్తాడు. తర్వాతనే ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క మార్చి మార్చి పూర్తి అతుకు వేస్తాడు. ఒకే పక్క వేసుకుంటూ పోతే వేడికి చట్రం మెలి తిరుగుతుంది. ఇలాంటి పనికి తక్కువ తేమ వున్న 7018 రకం రాడ్లు కావాలి. వాటిని వేడి పెట్టెలో పొడిగా వుంచాలి. వానాకాలం షాపు మూలన తెరిచి పడేసిన రాడ్ల కట్టతో ఆ పని జరగదు. బండి మీద ఆర్కు వెల్డింగు పెట్టేముందు బ్యాటరీ తీగలు తీసివేయడం, డీజిలు ట్యాంకు దగ్గర నిప్పురవ్వలు పడకుండా చూడడం సరేసరి.

అన్నిటికంటే పెద్ద తప్పు చట్రాన్ని నేరుగా యాక్సిలు హౌసింగు మీద వెల్డింగు చేయడం. అది పోత ఇనుము. మామూలు రాడ్డుతో దానిమీద వేసిన అతుకు చల్లారేసరికి పక్కన వెంట్రుకంత బీట పడుతుంది. కంటికి కనిపించదు. ఆ బీటతోనే బండి నాలుగేండ్లు తిరగవచ్చు. పడిన రోజున చట్రం ఒకవైపు, బండి ఒకవైపు. కాబట్టి పంజరాన్ని యాక్సిలుకు దళసరి పలకలతో, తలమీద 8.8 అని గుర్తు వున్న గట్టి బోల్టులతో బిగించవలసిందే గాని అతికించకూడదు.

ఇంత చెప్పిన తర్వాత, “అయితే మేము చేయించుకోవాలా వద్దా?” అని రైతులు అడగడం సహజం. కంటి అంచనాతో చేయించుకోవద్దనే నా సలహా. చట్టం కూడా అడ్డు వుంది. తయారీదారు ఇచ్చిన నమూనాకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతి గట్టిగా చెప్పింది. వెల్డింగు షాపులో చేయించిన పంజరంతో రోడ్డెక్కితే బ్రేకు ఇనస్పెక్టరుతో పేచీ, ప్రమాదం జరిగితే బీమా కంపెనీతో పేచీ వచ్చే అవకాశం వుంది. ప్రాణరక్షణకు పెట్టుకున్నదే నేరమైతే రైతు ఎక్కడికి పోవాలి? ఈ చిక్కును విప్పవలసినవారు రైతులూ కారు, వెల్డర్లూ కారు. ప్రభుత్వమూ కంపెనీలూ విప్పాలి.

కంపెనీలకు ఈ సంగతి తెలియదనుకోవడం పొరపాటు. మన దేశంలో తయారై అమెరికాకు వెళ్ళే ట్రాక్టర్ల సీటు వెనక ఆ చట్రం వుంటుంది. అక్కడ కూలికి పెట్టుకున్న మనిషి తోలే ట్రాక్టరుకు 1976 అక్టోబరు తర్వాత తయారైనదైతే చట్రం వుండి తీరాలని నిబంధన వుంది. 1985 నుంచి కంపెనీలు తమంతట తామే కొత్త బండ్లకు పెట్టి అమ్మడం మొదలుపెట్టాయి. ఇక్కడ కొన్ని మోడళ్ళకు తప్ప ఆ వూసే లేదు. అమెరికా డ్రైవరు మెడ ఎముకా, ఐరాల మండలం డ్రైవరు మెడ ఎముకా ఒక ధాతువుతో చేసినవి కావా?

పాత బండ్లకు దారి లేదనడం కూడా సరికాదు. అమెరికా ప్రభుత్వంలో కార్మికుల భద్రత మీద పరిశోధన చేసే సంస్థ ఒకటి పాత ట్రాక్టర్లకోసం చవక పంజరం నమూనాలు తయారుచేసింది. బజారులో దొరికే పలకలు, గొట్టాలు, బోల్టులతో విడిభాగాల కట్టగా వుండి, రైతే స్పానర్లతో బిగించుకోగలిగేట్టు రూపొందించారు. ఆ నమూనాలు వేసిన బండ్లలో మాసీ ఫెర్గూసన్ 135 ఒకటి. 1960 లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీ ఆ మాసీ ఫెర్గూసన్ సహకారంతోనే ట్రాక్టర్లు చేస్తూ వచ్చింది. వాటికి మన జిల్లాలో కొదవలేదు. న్యూయార్కు రాష్ట్రంలోనైతే పాత ట్రాక్టరుకు చట్రం పెట్టించే రైతుకు ఖర్చులో 70 శాతం దాకా తిరిగి ఇచ్చే పథకం 2006 లో మొదలయింది.

మనకు అంత దూరం పోవలసిన పని కూడా లేదు. పక్కనున్న అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాల శిక్షణకూ పరీక్షకూ కేంద్ర ప్రభుత్వ సంస్థ వుంది. బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల వుంది. మన ప్రాంతంలో ఎక్కువగా తిరిగే నాలుగైదు రకాల ట్రాక్టర్లకు వారు నమూనాలు గీసి, పరీక్షించి, ముద్ర వేసి ఇస్తే, ఐ.టి.ఐ.లలో ఎంపికచేసిన వెల్డర్లకు శిక్షణ ఇచ్చి ఆ కట్టలు ఇక్కడే తయారు చేయించవచ్చు. కోత, వంపు, అతుకు అంతా తనిఖీ వున్న షెడ్డులో జరుగుతుంది. పల్లెలో జరిగేది బోల్టులు బిగించడమే. ఆర్.టి.ఓ. కార్యాలయం ఆ ముద్ర చూసి పుస్తకంలో రాసుకుంటే 52వ సెక్షను పేచీ కూడా తీరుతుంది. వెల్డర్లకు పని దొరుకుతుంది, అదీ గౌరవమైన పని.

రైతుల అభ్యంతరాలు కొన్ని విన్నాను. మామిడి తోటల్లో కొమ్మలకు తగులుతుందంటారు. దామలచెరువు, బంగారుపాళెం పక్క తోటలు చూసినవారెవరూ అది అబద్ధమనరు. తోతాపురి కొమ్మలు నేలకు వాలి వుంటాయి. దీనికోసమే మధ్యలో మడిచే చట్రాలు వున్నాయి. తోటలో మడిచి, బయటికి రాగానే మళ్ళీ నిలబెట్టి చీల వేయాలి. మన అలవాటు తెలుసు గనుక చెబుతున్నాను, మడిచినది మడిచినట్టే ఏడాదంతా వుంచితే పెట్టినా పెట్టకపోయినా ఒకటే. ఇంకొక మాట బెల్టు గురించి. పంజరం వున్న బండిలో బెల్టు తప్పక పెట్టుకోవాలి. లేకపోతే బండి పడేటప్పుడు మనిషి బయటికి విసిరివేయబడి ఆ చట్రం కిందనే పడతాడు. పంజరం లేని బండిలో బెల్టు పెట్టుకోకూడదు. ఈ తేడా తెలియక బెల్టు మాత్రం కొని తగిలించుకునేవారు దయచేసి ఆగాలి.

ఖర్చు సంగతి వచ్చినప్పుడే అసలు ముడి బయటపడుతుంది. డబ్బు పెట్టవలసినవాడు ఒకడు, సీటు మీద కూర్చునేవాడు ఇంకొకడు. బండి కొన్న ఆసామి గడప దగ్గర కూర్చుని గంటల లెక్క రాసుకుంటాడు. తోలేది దినకూలికో నెలజీతానికో వచ్చిన ఇరవై ఏండ్ల కుర్రవాడు. పంజరం కావాలని అడిగే ధైర్యం వానికి లేదు. అడిగితే రేపు ఇంకొకణ్ణి పిలుస్తారు. పందిరి రంగుకూ పాటల పెట్టెకూ వేలు ఖర్చుపెట్టే ఆసాములు ఈ ఒక్క ఇనుప చట్రం దగ్గర లెక్కలు వేయడం నాకు మింగుడుపడడం లేదు. చిన్న రైతు తన బండి తానే తోలుకుంటూ అప్పుల్లో వుంటే అది వేరు సంగతి, అతనికి ప్రభుత్వం సాయపడాలి. అయిదారు బండ్లు బాడుగకు తిప్పేవారికి ఆ మినహాయింపు వుండకూడదు.

సబ్సిడీ మీద ట్రాక్టర్లు ఇచ్చే పథకాలు పేర్లు మార్చుకుంటూ వస్తూనే వున్నాయి. 2022 ఏప్రిల్‌లో పాత చిత్తూరు జిల్లా ముక్కలయింది, కలెక్టరేట్లు పెరిగాయి, తాళాలు అందజేసే సభలు కూడా పెరిగాయి. ప్రజల సొమ్ముతో ఇచ్చే ప్రతి ట్రాక్టరుకూ పంజరం, బెల్టు వుండి తీరాలన్న ఒక్క షరతు పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒక ఉత్తర్వు చాలు. సర్కారు అన్ని బండ్లు కొంటానంటే కంపెనీలు ఎగుమతికి చేసేదాన్నే ఇక్కడికీ పంపుతాయి.

పంజరం అందరినీ కాపాడుతుందని మాత్రం ఎవరూ భ్రమపడరాదు. 2022 డిసెంబరు 7వ తేదీ రాత్రి పూతలపట్టు మండలం లక్ష్మయ్యవూరు దగ్గర పెళ్ళివారి ట్రాక్టరు బోల్తా పడి ఆరుగురు చనిపోయారు. ట్రాలీలో కూర్చున్నవారికి డ్రైవరు వెనక నిలిచిన చట్రం ఏ విధంగానూ అడ్డురాదు. మడ్‌గార్డు మీద కూర్చునే పిల్లలకూ అంతే. ఆ మాటకొస్తే పంజరం వున్న బండి మడ్‌గార్డు మీద కూర్చోవడం ఇంకా ప్రమాదం, పడితే ఇనుముకూ నేలకూ మధ్యనే. గంగ జాతరకూ పెళ్ళిళ్ళకూ ట్రాలీల్లో జనాన్ని తోలడం ఆపాలంటే రాత్రిపూట పల్లెలకు బస్సు వుండాలి. అది ఇంకొక రోజు రాయవలసిన సంగతి.

ప్రభుత్వం కదిలేలోపల కొత్త బండి కొనబోయే రైతు సోదరులు చేయగలిగినది ఒకటుంది. డీలరు దగ్గర మైలేజీ, వడ్డీ, బహుమతిగా ఇచ్చే వస్తువుల గురించి అడిగిన తర్వాత, ఈ మోడలుకు కంపెనీ వేసిన రోల్ బారు వుందా, పరీక్ష పాసయిన పత్రం ఏదీ, ధర ఎంత, తెప్పించడానికి ఎన్నాళ్ళు అని అడగండి. లేదంటే ఆ “లేదు” అన్న మాటనే కంపెనీ కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వమనండి.